మీటరున్నర దారం

10 నవంబర్ 2024, ఆదివారం

పొద్దున స్టూడియో షట్టరు సగం దించి నాపరాయి గనులకు పోయాను. డిజిటల్ కెమెరా, స్టాండు, రెండు లెన్సులు. మూడు గంటలు తిరిగి నలభై ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే నలభై మంది మనుషులకూ కలిపి ఒకటే ముఖం. గడ్డం లోపలికి, చేతులు పక్కలకు, కళ్లు గుడ్లప్పగించి. స్టాండు మూడు కాళ్లూ బండ మీద విప్పగానే ఎదుటి మనిషి తన రెండు కాళ్లూ దగ్గరికి లాక్కుంటాడు.

ట్రాక్టరుకు బండలెత్తే అవ్వ ఒకామె అడగనే అడిగింది. "ఆధార్‌కా నాయినా? ఏలిముద్రలు గూడా ఏయల్నా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆమె తప్పేముంది? రోజూ నేను చేసేది అదే. తెల్ల గుడ్డ ముందు నిలబెట్టి, రెండు చెవులూ కనపడేట్టు, నవ్వకుండా. మండలంలో సగం మందికి నా ఎదుట ఎట్లా నిలబడాలో నేనే నేర్పించాను. ఇప్పుడు మరిచిపోండి అంటే మరిచిపోతారా?

స్టాండు వద్దు. అయినా నాకు పెద్ద నెగటివే కావాలి. నాలుగు అంగుళాలు బై ఐదు. చేత్తో పట్టుకుని తీయాలి. ఈ రెండు కోరికలూ ఒక ఒరలో ఇమడవని తెలుసు. తెలిసే రాసుకుంటున్నా.

12 నవంబర్, మంగళవారం

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నాయిన దగ్గర మాట కదిలించాను. అరుగు మీద మంచంలో పడుకుని విన్నాడు.

"ఫీల్డు కెమెరాను చేత్తో పట్టుకుంటావా? మేకపిల్లా, సంకలో పెట్టుకునేదానికి?"

నాయిన కాలంలో మా స్టూడియోలో ఉన్నది వాగీశ్వరి. కేరళలో, అలప్పుళలో చేసేవాళ్లు. టేకు చెక్క, ఇత్తడి బిగింపులు. ఆ ఇంటివాళ్లది మొదట సంగీత వాయిద్యాల పనట. ఎవరో చిరిగిన కెమెరా తిత్తి తెచ్చిస్తే హార్మోనియం తిత్తిని కుట్టినట్టే కుట్టి ఇచ్చారని, అక్కడి నుంచి కెమెరాలే చేయడం మొదలుపెట్టారని చెబుతారు. మాది పదిహేనేళ్ల కింద పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. ఎంతకో రాసుకోవడానికి సిగ్గు.

నేను బెల్లోస్ అంటే నాయిన తిత్తి అంటాడు. ఊరి పేరులోనే కొలిమి పెట్టుకుని ఇంకో మాట ఎందుకని ఇవాళ్టి నుంచి నేనూ తిత్తి అనే రాస్తా. ఒక మంచి మాట చెప్పాడు: గనిలో తిత్తిని గభాల్న తెరవగూడదు. కొలిమి తిత్తి గాలి పీల్చినట్టే ఇదీ పీలుస్తుంది. గాలితో పాటు రాతి పొడి లోపలికి పోయి ఫిల్మ్ మీద కూర్చుంటుంది. తెరిచినా మూసినా మెల్లగా, కుండ దించినట్టు.

ఆ తర్వాత ట్రంకు పెట్టెలోంచి నెగటివ్‌ల డబ్బా తీయించాడు. హాఫ్ ప్లేటు సైజు. గని మేస్త్రి ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. ట్యూబ్‌లైటుకు పెట్టి భూతద్దంతో చూస్తే చొక్కా మాసికల కుట్లు లెక్కపెట్టొచ్చు, గోళ్లలో రాతి పొడి కనిపిస్తుంది. నాకు కావాల్సింది ఇదీ. నాలుగు బై ఐదు షీటు, మామూలు 35 ఎంఎం ఫ్రేముకు దాదాపు 15 రెట్ల వైశాల్యం. అంత ఉంటేనే అట్లాంటి గోళ్లు.

"రెండు సెకండ్లు ఊపిరి బిగబట్టమన్న్యా ఆయప్పను" అన్నాడు నాయిన. అదీ కనిపిస్తోంది. మనిషి నీళ్లలో మునిగినట్టు ఉన్నాడు.

16 నవంబర్, శనివారం

డాలస్ నుంచి బావమరిది ఫోన్. సంక్రాంతికి వస్తున్నాడు. "ఏం తేవాల బావా?" అన్నాడు. ప్రతిసారీ నొప్పుల బామూ చాక్లెట్లూ చెప్పేవాణ్ణి. "పాత కెమెరా ఒకటి. ఏదో రెండు వారాల్లో చెప్తా" అన్నా. సరే అన్నాడు గానీ గొంతులో అనుమానం.

పాస్‌పోర్ట్ ఫోటోల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా రాసుకున్న లెక్క ఇది.

ఇంట్రెపిడ్. ఇంగ్లండ్‌లో, బ్రైటన్‌లో ప్లైవుడ్‌తో చేస్తున్నారు. కిలో పైన కొంచెం. మోయడానికి ఇంతకన్నా హాయి లేదు. కొత్తది, ధరా అందుతుంది. కానీ ఫోకస్ వెనక గరుకు గాజు మీదే చూసుకోవాలి. అందులో మనిషి తలకిందులు. గాజు కింద ఫిల్మ్ హోల్డరు దోపగానే ఇక ఏమీ కనపడదు. అది స్టాండు మీద కూర్చోవడానికి పుట్టిన కెమెరా, దాన్ని చేతిలోకి లాగడం తప్పు.

లిన్‌హాఫ్ టెక్నికా. మ్యూనిక్ సరుకు. చూస్తే చాలు, ఆకలేస్తుంది. రేంజ్‌ఫైండర్ ఉంది, అందులో రెండు బొమ్మలు ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. వెనక భాగం గిర్రున తిరుగుతుంది కాబట్టి కెమెరాను పక్కకు తిప్పకుండానే నిలువు ఫోటో. కానీ ఒక్కో లెన్సుకు నంబరు ప్రకారం రేంజ్‌ఫైండర్‌తో కలిపే ఒక్కో క్యామ్ అరగదీసి ఇస్తారు. బాడీ ఒక చోట, లెన్సు ఒక చోట కొంటే జాతకాలు కలవవు. లెన్సు లేకుండానే రెండున్నర కిలోల పైమాట. ధర గురించి రాయను.

గ్రాఫ్లెక్స్ ఎస్సెల్లార్. పెద్ద చెక్క డబ్బా, లోపల అద్దం. పైనుంచి తొంగి చూస్తూ ఫోకస్ చేసుకోవాలి, నొక్కే క్షణం దాకా బొమ్మ కనపడుతూనే ఉంటుంది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో, నిపోమోలో బఠాణీ కోసే కూలీల గుడారం దగ్గర డొరోతియా లాంగ్ ఆ తల్లీపిల్లల ఫోటో తీసింది ఈ జాతి కెమెరాతోనే. ఎదుటివాళ్లకు ఫోటోగ్రాఫరు ముఖం కాదు, నడినెత్తి కనపడుతుంది. అది నాకు నచ్చింది. కానీ లోపలి గుడ్డ షట్టరు ఇన్నేళ్లకు చీకిపోయి ఉంటుంది. చీకితే బాగుచేసేవాడు తాడిపత్రిలో దొరకడు.

స్పీడ్ గ్రాఫిక్, దాని చెల్లెలు క్రౌన్ గ్రాఫిక్. రెండూ న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌వి. పత్రికలవాళ్ల కెమెరా. పత్రికా ఫోటోగ్రాఫరు హోమాయ్ వ్యారావాలా చీర కట్టుకుని ఢిల్లీ అంతా తిరిగింది స్పీడ్ గ్రాఫిక్ పట్టుకునే. స్పీడ్‌లో లెన్సు షట్టరు కాక వెనక ఇంకో గుడ్డ షట్టరు, అందుకే బరువు. క్రౌన్‌లో అది లేదు. 1947 నుంచి 1973 దాకా చేశారు కాబట్టి అక్కడి అటకల మీద ఇంకా చాలానే ఉన్నాయి.

17 నవంబర్, ఆదివారం

కాగితం మీద బరువు బరువు కాదు. ప్లైవుడ్ ముక్కలతో కెమెరా అంత పెట్టె కొట్టించి, పక్కన తోలు పట్టీ వేయించి, లోపల నాప బండ ముక్కలు పేర్చి, కిరాణా కొట్టు త్రాసులో పెట్టాను. ఒకసారి రెండున్నర కిలోలు, ఇంకోసారి మూడు కిలోల నాలుగు వందలు. మొదటిది క్రౌన్, రెండోది లెన్సుతో లిన్‌హాఫ్ అనుకున్నా.

పెట్టెకు మా వాడి లేజర్ బొమ్మ కట్టి, మేడ మీద గోడకెదురుగా కంటికెత్తి పట్టుకున్నా. ఎర్ర చుక్క ఎంత వణికితే చెయ్యి అంత వణికినట్టు. మోచేతులు డొక్కలకు ఆనించాలి, కుడి పాదం అర అడుగు వెనక పెట్టాలి, ఊపిరి సగం వదిలి ఆపాలి. చిత్రం ఏమిటంటే మొదటి పది సార్లు బరువు పెట్టెదే నిలకడ. చుక్క రూపాయి బిళ్ళంత చోటు దాటలేదు. పదిహేనోసారికి జబ్బలు లాగి చుక్క గోడంతా మేసింది. తేలిక పెట్టె మొదట్లో కొంచెం ఊగినా ముప్పయ్యోసారికీ అంతే ఊగింది.

మా ఆవిడ బట్టలారేయడానికి పైకొచ్చి చూసి, "బండలు మోసేటోళ్ల ఫోటోలు తీయాలని నువ్వే బండలు మోస్తాండావా?" అని దిగిపోయింది.

లిన్‌హాఫ్ పేరు కొట్టేశా, మిగిలింది క్రౌన్. డబ్బు మిగిలినందుకు కలిగిన సంతోషాన్ని జబ్బల ఖాతాలో వేశా.

21 నవంబర్, గురువారం

అసలు చిక్కు బరువు కాదు. ఇవాళ తేలింది.

లెన్సు 135 మిల్లీమీటర్లు. దూరం మీటరున్నర. అక్కడి నుంచి అడ్డం ఫ్రేములో ఎత్తు ఒక మీటరు పడుతుంది, అంటే తల నుంచి నడుము దాకా. తల ఫిల్మ్ మీద రూపాయి బిళ్ళంత. బాగుంది. ఇక ఎఫ్ 5.6 దగ్గర, ఫిల్మ్ మీద పదో వంతు మిల్లీమీటరు మసక వరకు ఒప్పుకుంటే, స్పష్టంగా పడే లోతు ముందూ వెనకా కలిపి 13 సెంటీమీటర్లు. జానెడు లేదు. ఎఫ్ 8కి పోతే 18. అంతకన్నా మూస్తే వెలుతురు చాలదు, షట్టరు నిదానం చేయాలి, చెయ్యి ఊగుతుంది.

మా వాడిని కూర్చోబెట్టి ముక్కు కొన నుంచి చెవి దాకా టేపు పెట్టాను. 12. అంటే ముఖం ఒక్కటే ఆ లోతునంతా తినేస్తుంది, మిగిలేది వేలెడు. నిలబడ్డ మనిషి ఊరికే ఉన్నా ముందుకూ వెనక్కూ తూగుతూనే ఉంటాడు. రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మలు ఒకటి చేసి, కన్ను మార్చి ఫ్రేము చూసుకుని, మీట నొక్కేలోపు నేనో వాళ్లో బెత్తెడు జరుగుతాం. కన్ను మసక, చెవి రవ్వలాగా.

అంటే ఎంత మంచి రేంజ్‌ఫైండర్ కొన్నా నొక్కే ఆ క్షణానికి అది నాకు అక్కరకు రాదు. డబ్బంతా దానికే పోస్తున్నా. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

24 నవంబర్, ఆదివారం

బండ ముక్కల పెట్టెనే కెమెరా అనుకుని గనికి పోయాను. దూరం అలవాటు కావాలని. ఇనుప టేపు లాగి మీటరున్నర కొలిచి గీత గీస్తే, గీత మీద నిలబడమన్న మనిషి మళ్లీ ఆధార్ కొయ్యబొమ్మ. పైగా టేపు జర్రున వెనక్కి పోయినప్పుడల్లా అందరూ ఉలిక్కిపడడం.

ఇంటి గోడకు బండలు ఎంచుకోవడానికొచ్చిన బేల్దారి ఒకాయన బీడీ తాగుతూ అరగంట చూశాడు. చివరికి ఉండబట్టలేక, "టేపెందుకప్పా? దారం కట్టుకో. పదడుగుల గోడ మేం దారంతోనే తిన్నగా లేపుతాం" అని నడుం సంచిలోంచి తెల్ల నైలాన్ దారం ఉండ తీశాడు.

పెట్టె ముందర, లెన్సు ఉండాల్సిన చోట మేకు కొట్టి దారం కట్టాడు. మీటరున్నర దగ్గర ముడి వేశాడు. ముడి ఎదుటి మనిషి చెంపకు తగిలితే దూరం సరిపోయినట్టు.

అంతా బాగుంది, కానీ తగిలించేది ఎవరు? ఆడవాళ్ల చెంప దగ్గర నేను చెయ్యి పెడతానా? మొగవాళ్లయినా ఒప్పుకుంటారా? దారం చేతిలో పెట్టుకుని దిక్కులు చూస్తుంటే ఆ అవ్వ, అదే ఆధార్ అవ్వ, ముందుకొచ్చి ముడి తన చేతిలోకి తీసుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కంటి కింద ఎముకకు ఆనించుకుంది.

"ఇట్లనా?"

దారం వదులైతే తనే వెనక్కి జరిగింది. నేను వెనక్కి వాలితే దారం లాగినట్టై, "నిలబడు నాయినా సరింగా" అని నన్నే గదిమింది. మెడ సడలింది. భుజాలు దిగాయి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషికి చేతికో పని దొరికింది. ఆ పని ఏమిటో నాకన్నా ఆమెకే బాగా తెలిసినట్టుంది.

నా చేతిలో కెమెరా లేదు. బండ ముక్కల పెట్టె.

30 నవంబర్, శనివారం

బావమరిది మూడు క్రౌన్‌లు చూసి పెట్టాడు. ఒకటి పైకప్పు మీద రేంజ్‌ఫైండర్ ఉన్నది, శుభ్రంగా ఉంది, ఖరీదు. ఒకటి తిత్తి చిల్లులు. మూడోదానికి పక్కన కాలార్ట్ రేంజ్‌ఫైండర్, కానీ లోపలి అద్దం ఊడిపోయింది. తిత్తి బాగుంది, 135 ఆప్టార్ లెన్సు, గ్రాఫెక్స్ షట్టరు, రెండు ఫిల్మ్ హోల్డర్లు. మొదటిదాంట్లో సగం కన్నా తక్కువ ధర.

"మూడోది తీసుకో" అన్నా.

"బావా, అది పాడైంది. ఫోకస్ కుదరదని రాసినాడు."

"కుదురుతుంది. దారం ఉంది."

కాసేపు మాట లేదు. లైను తెగిందనుకున్నా.

నష్టాలు కూడా రాసి పెట్టుకోవాలి, రేపు ఎవరినీ అనకుండా. క్రౌన్‌కు వెనక భాగం తిరగదు. నిలువు ఫోటో కావాలంటే కెమెరానే పక్కకు తిప్పాలి, అప్పుడు పట్టీ ఉన్న వైపు మారి బరువంతా మణికట్టు మీద. కాబట్టి అన్నీ అడ్డం ఫోటోలే. మనిషికి రెండు పక్కలా చోటు మిగులుతుంది. మిగలనీ, గని గోడా ట్రాక్టరూ పనిచేసేవాళ్లూ ఎక్కడికి పోవాలి? కెమెరా పైనున్న వైరు ఫ్రేములోంచి చూసేది లెన్సుకు పైనుంచి. అంత దగ్గర్లో నేను చూసేది ఒకటి, లెన్సు చూసేది బెత్తెడు కిందిది. తల పైన చోటు వదలకపోతే కొప్పు తెగుతుంది.

8 డిసెంబర్, ఆదివారం

ఇక ఫిల్మ్. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 పెట్టెకు 25 షీట్లు. ఒక్క షీటు ధరతో ఇద్దరు హోటల్లో కడుపునిండా అన్నం తినొచ్చు. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు ఫిల్మ్ ఉండేది. 1967లో మొదలైంది, మూతపడి కూడా చాన్నాళ్లయింది. నాయిన ఇప్పటికీ ఏ ఫిల్మ్‌నైనా ఇందు అనే అంటాడు.

దారి ఎక్స్‌రే ఫిల్మ్. అందరూ డిజిటల్‌కు మారిపోయారు గనక బనగానపల్లెలో ఎక్స్‌రేలు తీసే తమ్ముడి దగ్గర ఒక పెట్టె మిగిలిపోయింది. 8 బై 10 అంగుళాలు. నాలుగు ముక్కలు చేస్తే నాలుగు 4 బై 5లు. వచ్చి పడ్డ అదృష్టం అనుకుని పోయిన ఆదివారమే పెట్టె తెచ్చుకున్నా.

అదృష్టానికీ అంచులుంటాయి. బాత్రూములో ఎర్ర బల్బు వేసి కాగితాల కట్టరుతో కోశాను. ఎక్స్‌రే ఫిల్మ్‌కు ఎరుపు కనపడదు కాబట్టి ఎర్ర వెలుతురులో పని చేసుకోవచ్చు. హోల్డర్‌కు సరిపోయే షీటు నిజానికి నాలుగు బై ఐదుకు వెంట్రుకవాసి తక్కువ. సరిగ్గా కోస్తే దూరదు. రెండు పక్కలా ఇంకో మిల్లీమీటరు తీయాలి. ఇది తెలిసేసరికి ఎనిమిది షీట్లు చెత్తబుట్టలో. పైగా దీనికి రెండు వైపులా మందు పూసి ఉంటుంది. గోరు తగిలితే గీత, ట్రే అడుగు తగిలితే గీత. ట్రే అడుగున ఫోటో ఫ్రేము గాజు వేసి, దాని మీద షీటు జరిగేట్టు ఏర్పాటు చేశా.

నాయినకు చూపిస్తే ఒకటే మాట అన్నాడు: "ఎరుపు కనపడదంటే బొట్టు నల్లగా వస్చాది. ముఖం గూడా నలుపెక్కుతాది. ఆర్థో ఫిల్మ్ కాలంలో మేం పెన్సిల్‌తో గంటలు గంటలు దిద్దినాం, ఆడోళ్లు తిడతారని."

నేను దిద్దను. ముందే చెప్పి తీస్తా.

22 డిసెంబర్, ఆదివారం

పెళ్లికి ముందు ఫోటోలని ఒక జంటను బెలూం గుహలకు తీసుకుపోయాను. పోయిన ప్రతిసారీ అనుకోవడమే, ఈ రంగు లైట్లు లేకుండా ఇక్కడి గైడును ఒకణ్ణి పెద్ద ఫిల్మ్ మీద తీయాలని. ఇవాళ మీటరు పెట్టి చూశా. 3,229 మీటర్ల గుహలో లైటు కింద నిలబడ్డా, ఈ ఎక్స్‌రే ఫిల్మ్‌తో లెన్సు పూర్తిగా తెరిచినా సెకను దాకా కావాలి. చేతికి సెకను అంటే యుగం. గుహ స్టాండుకే. చేతి కెమెరా పగటి నీడకే. అది తేలిపోయింది, ఇక ఆశ పడగూడదు.

15 జనవరి 2025, బుధవారం, కనుమ

వచ్చింది. బావమరిది చొక్కాల మధ్య చుట్టి తెచ్చాడు. నల్ల తోలు డబ్బా, పక్కన చేతి పట్టీ, మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని పట్టాలు, పట్టాల మీదికి తిత్తి. ఇంట్లో పిల్లలంతా చుట్టూ చేరారు. త్రాసులో పెడితే నా బండ ముక్కల పెట్టెకు నూటయాభై గ్రాములు తక్కువ.

షట్టరు సెకనులో నూరో వంతు అంటే నిజంగా అంతేనా అని ఫోను స్లోమోషన్‌లో చూశా. కొంచెం సోమరి. పర్లేదు, తెలిసిన సోమరితనమే.

సాయంత్రం అరుగు మీద ఫోకస్ కట్టాం. లెన్సు అంచుకు బేల్దారి దారం కట్టి, ముడి నాయిన చేతికిచ్చా. చెంపకు ఆనించుకోమన్నా. వెనక గరుకు గాజు మీద భూతద్దం పెట్టి, తల మీద నల్ల గుడ్డ కప్పుకుని లెన్సును పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిపాను. నాయిన చెయ్యి వణుకుతోంది, దానితో ముడి వణుకుతోంది, గాజు మీద తలకిందులుగా నాయిన కన్ను తేలుతూ మునుగుతూ ఉంది. ఒక చోట రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. బిగించేశా. పట్టాల మీద సూదితో సన్న గీత గీశా. ఇక ఈ కెమెరాకు ఒకటే దూరం.

"తీసినావా?" అన్నాడు నాయిన.

ఫిల్మ్ లేదు. తీశానన్నా. ఎందుకన్నానో తెలీదు.

19 జనవరి, ఆదివారం

రెండు హోల్డర్లు, నాలుగు షీట్లు. పొద్దున తొమ్మిదికి గనిలో, పేర్చిన బండల వెనక నీడలో. ఎదురుగా ఎండ పడ్డ రాతి ముఖం ఉంది కాబట్టి వెలుతురు కింది నుంచి, పక్క నుంచి పొంగి ముఖాల మీదికి వస్తోంది. ఎక్స్‌రే ఫిల్మ్ వేగం 80 అనుకుని ఎఫ్ 5.6, నూరో వంతు.

మొదటి షీటు ట్రాక్టరు డ్రైవరు. దారం పట్టాడు, నవ్వాడు, నొక్కా. హోల్డరు ముందరి నల్ల పలక తీయడం మరిచిపోయా. వాళ్లెవరికీ చెప్పలేదు.

రెండోది అవ్వ. ముడి ఆనించుకుంది. "సరే అవ్వా, వదిలేయ్" అన్నా. వదిలి, కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడింది. ఆధార్. నొక్కేశా గానీ ఆమె ఎంత ముందుకు జరిగిందో కంటికే తెలిసింది.

మూడోదానికి వదలమనలేదు. ముడి కంటి కింద పట్టుకునే ఉంది. ఎవరో వెనక నుంచి "కన్ను పొడుచుకుంటావ్ అవ్వా" అన్నారు. ఆమె తల తిప్పకుండా నోటితోనే ఏదో తిట్టింది. అప్పుడు నొక్కా.

నాలుగోది బేల్దారికి దాచిపెట్టా. ఆయన ఇవాళ రాలేదు.

20 జనవరి, సోమవారం

రాత్రి స్టూడియో మూసి, బాత్రూములో ఎర్ర బల్బు. ఎక్స్‌రే ఫిల్మ్ నలుపు తెలుపుల మధ్య తొందరపడుతుంది, అందుకే డెవలపర్ బాగా పలచన చేశా. ఒక్కో షీటు గాజు మీద, ట్రే ఒక అంచు లేపుతూ దించుతూ.

రెండో షీటు: అనుకున్నట్టే. చెవి కమ్మ రవ్వ రవ్వ కనపడుతోంది. కన్ను పొగ.

మూడో షీటు రెండు నిమిషాలకు మొదలైంది. ముందు తెల్ల కొంగు నల్లగా తేలింది. తర్వాత వెనక బండల దొంతర, తర్వాత కింది నుంచి అడ్డంగా ఒక నల్ల గీత. గీటు పడిందనుకుని గుండె జారింది. వంగి చూస్తే అది దారం. నా వైపు మసకగా, లావుగా మొదలై, పోను పోను సన్నబడి, ఆమె రెండు వేళ్ల దగ్గర సూదిమొనంత పదునుగా ఆగింది. ముడిలో పోగులు కనిపిస్తున్నాయి. గోటి పగులు కనిపిస్తోంది. దాని పైన కన్ను. నుదుటి మీద బొట్టున్న చోట ఫిల్మ్ ఖాళీ, గాజులాగా. ఎరుపును అది నిజంగానే చూడలేదు.

హైపోలోంచి తీసి నీళ్లలో వేశాక కూడా బయటికి రాబుద్ధి కాలేదు. నాయిన మేస్త్రి ఫోటోలో గోళ్లున్నాయి. వాటితో పాటు నీళ్లలో మునిగిన ఆ చూపూ ఉంది. ఇక్కడ గోళ్లున్నాయి, ఆమె ఎవరినో తిడుతోంది కూడా.

26 జనవరి, ఆదివారం

నెగటివ్‌ను లైటు పలక మీద పెట్టి డిజిటల్ కెమెరాతో తీసి, స్టూడియో ప్రింటరు మీద పది బై పన్నెండు ప్రింటు వేసి తీసుకుపోయా. బండ మీద కూర్చుని ఉగ్గాని తింటోంది అవ్వ. చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని పట్టుకుంది.

"ఇంత నల్లగా జేసినావేంది నాయినా?"

ముందే చెప్పాను కదా అన్నా. అవునవునంది. చాలాసేపు చూసింది. బొట్టు మీద వేలు పెట్టింది, తన నుదుటి మీద పెట్టుకుంది.

పక్కన మనవడు, ఇంటర్ చదువుతున్నాడు, తొంగి చూసి, "ఆ దారం కంప్యూటర్‌లో తీసేయొచ్చన్నా. రెండు నిమిషాలు" అన్నాడు. నిజమే. రోజూ నేను చేసే పనే.

"ఉండనీ రా. నేను పట్టుకున్న్యాను గదా" అంది అవ్వ.

బేల్దారి వచ్చాడు. నాలుగో షీటు ఆయనది. దారం లాగి చూసి ముఖం చిట్లించాడు. "సాగింది" అన్నాడు. టేపు పెట్టి కొలిస్తే మీటరున్నర మీద రెండు సెంటీమీటర్లు. నైలాన్ కదా, పదిమంది చేతుల్లో పడి లాగితే అంతేనట. పాత ముడి విప్పకుండా, రెండు సెంటీమీటర్లు ఇవతల కొత్త ముడి వేసిచ్చాడు.